కోళ్లగూటి విమానము

మన పాఠశాలలో నోటుపుస్తకపు అంచున విమానపు బొమ్మ వ్రాయని బాలుఁడు అరుదు. ఆ విమానము క్రిందనుండి చుక్కలు చుక్కలుగా బాంబులు పడుచుండును. అవి పడు చోట మాత్రము ఏమియు నుండదు. కాగితము అంతటితో ముగియును. ఇట్టి బొమ్మలు కంటఁబడినప్పుడెల్ల, ఇంగ్లండులో యార్కు పట్టణమునకు సమీపముననున్న ఎల్వింగ్టను అను చోట కొందఱు స్వచ్ఛంద సేవకులు చేసిన కార్యము మాకు జ్ఞప్తికి వచ్చుచుండును. దానినిగూర్చి మా యభిప్రాయమును చదువరులకు విన్నవింతుము.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లీషువారు హాలిఫాక్సు అను నాలుగింజనుల బాంబరు విమానములను 6,176 నిర్మించిరి. యుద్ధము ముగియఁగనే వానిని తుక్కు క్రింద అమ్మి కరగించివైచిరి. వానిలో ఒకదానికి ‘ఫ్రైడే ది థర్టీన్త్’ అని పేరు. అనఁగా పదమూఁడవ తేదీ శుక్రవారము, ఆ దేశస్థులకు అపశకున దినము. ఆ విమానము 128 మాఱులు దాడికి వెడలి తిరిగి వచ్చెను. 1945లో దానిని లండనులోని ఆక్స్‌ఫర్డు వీథియందు నిలిపి జనులకుఁ జూపి, పిమ్మట దానినిసైతము విఱిచివైచిరి. కొన్ని యేండ్లు గడచిన తరువాత చూతమన్నను సంపూర్ణమైన హాలిఫాక్సు ఒక్కటియైనను మిగులలేదు.

స్కాట్లండునకు పడమట లూయిస్ ద్వీపమున 1945లో ప్రమాదమునకు లోనైన యొక హాలిఫాక్సుయొక్క మొండెపు ముక్కను ఒక రైతు కొనిపోయి కోళ్లగూడుగా వాడుకొనెను. యార్క్‌షైరు ఎయిర్ మ్యూజియమువారు ఆ కోళ్లగూటిని ఎల్వింగ్టనుకుఁ దెచ్చుకొనిరి. రెక్కలు లేవు. హాలిఫాక్సును కట్టిన హాండ్లీ పేజి కంపెనీవారే హేస్టింగ్స్ అను సరకుల విమానమునకు ఇంచుమించు అట్టి రెక్కలనే పెట్టియుండిరి. కావున పాత హేస్టింగ్సు రెక్కలను సంపాదించి తగిలించిరి. ఇంజనులను ఫ్రెంచి వైమానిక దళమువారిచ్చిరి. 1944-45లో ఎల్వింగ్టనునుండి హాలిఫాక్సులు నడపినవి రెండు ఫ్రెంచి దళములే. వారు శత్రువుల చేఁజిక్కిన తమ దేశములోని గుఱులమీఁదఁగూడ బాంబులు వేయవలసి వచ్చెను. తక్కిన భాగములను సేవకులు ఏండ్ల తరబడి రేకులు కోసి, వంచి, రివెట్లు బిగించి సిద్ధపఱచిరి. 1996 సెప్టెంబరు 13వ తేదీన, అదియు శుక్రవారమే, విమానమును వెలుపలికిఁ దెచ్చి చూపిరి. అది ఎగురదు.

ఇది నిజమైన విమానము కాదు, అతుకుల బొంత యని కొందఱందురు. అతుకుల బొంతయే, దాఁచనంతవఱకు అందు దోషమేమి? హేస్టింగ్సు విమానములు 1948-49లో బెర్లిను నగరము దిగ్బంధింపఁబడినప్పుడు అచ్చటి ప్రజలకు బొగ్గు మోసికొనిపోయినవి. అంతకు నాలుగైదేండ్లకు ముందు హాలిఫాక్సులు అదే నగరముమీఁద బాంబులు కురిసినవి. బొగ్గు మోసిన జాతి రెక్కలు బాంబులు వేసిన మొండెమునకు అతుకఁబడి నిలిచినవి. ఏ ఉపాధ్యాయునికైనను ఇంతకంటె మంచి పాఠ్యవస్తువు దొరకునా?

రెండవ యాక్షేపణ దీనికంటె బరువైనది. ఊళ్లు తగులఁబెట్టిన యంత్రమును మరల మెఱుఁగుపెట్టుట యేల యని యడుగువారు కలరు. మేము దీనిని త్రోసివేయఁజాలము. 1943 జూలైలో హాంబర్గు నగరమున ముప్పదివేలకు మించి జనులు మడిసిరి. వారిలో స్త్రీలు, పిల్లలు ఎందఱో. మనకును ఇది కేవలము పరదేశపు మాట కాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముమీఁదను కాకినాడమీఁదను బాంబులు వేసినవి. బాంబరు క్రిందనుండి చూచినవారికి ఎట్లుండునో మన కోస్తావారికిఁ గొంత తెలియును. మఱియొక వైపున, ఆ విమానములలోఁ గూర్చున్నవారి గతియు మఱవరాదు. ఇంగ్లీషు బాంబరు దళమున పోరిన సుమారు 1,25,000 మందిలో 55,573 మంది చనిపోయిరి. వారిలో పెక్కురు ఇరువదియేండ్లు దాఁటీదాఁటని పడుచువాండ్రు.

లోకమున నేఁడు చూడఁదగిన హాలిఫాక్సులు మూఁడే. రెండవది 1942 ఏప్రిలు నెలాఖరున నార్వేలో గడ్డకట్టిన సరస్సుమీఁద దిగి మునిఁగినది. 1973లో వెలికిఁ దీసి, త్రుప్పుతోనే, చితికినది చితికినట్లే లండను సమీపముననున్న హెండను మ్యూజియములో నుంచిరి. మూఁడవది నార్వేలోనే మ్యోసా సరస్సునఁ గూలినది. అందలి యాఱుగురిలో నొక్కఁడే బ్రదికెను. 1995లో దానిని పైకెత్తి, కెనడాలోని ట్రెంటనుకుఁ గొనిపోయి, స్వచ్ఛంద సేవకులు పదేండ్లు శ్రమించి క్రొత్తదానివలెఁ జేసిరి. హెండనులోనిదే సత్యమనియు, బాగుచేయుట మఱపించుటయనియు వాదించువారు కలరు. మా మనస్సు ఎల్వింగ్టనువైపు మ్రొగ్గును. తుక్కును చూచి జాలిపడి వెడలిపోవుదుము. చేతితో మరల కట్టినవాఁడు మాత్రము బాంబుల యర ఎక్కడనున్నదో, వెనుక తుపాకివాఁడు ఎంత యిఱుకున కూర్చుండెనో తన చేతులతోఁ దెలిసికొనును. అయితే ఆ తెలిసినది చెప్పవలెను. వచ్చినవారికి ఇంజను బలము, వేగము, రెక్కల వెడల్పు మాత్రము చెప్పి పంపినచో అది పెద్ద ఆటబొమ్మ. బాంబులు పడిన యూళ్ల పేర్లును దాని చెంతనే వ్రాసి పెట్టవలెనని మా మతము. ఎగురలేదని చింతయు మాకు లేదు. ఆకసమున దానిని చూచి చప్పట్లు కొట్టు గుంపునకు క్రింది యూరు జ్ఞప్తికి వచ్చుట కష్టము. (అది కోళ్లగూడుగా నున్నప్పటి రూపము చూడవలెనని మాత్రము మాకు మిక్కిలి కోరిక.)

ఈ యేఁడు మా తరగతిలో లెక్కల పుస్తకమున బాంబరు బొమ్మ వ్రాసిన బాలుని మేము దండింపలేదు. ఆ పుట అడుగున మఱియొక కాగితము అతికించి యిచ్చితిమి. వాఁడు చాలసేపు పెన్సిలు పట్టుకొని యూరకుండి, పిదప ఒక తాటాకుల యిల్లు వ్రాసెను.