మాయకూ ఒక లెక్కుండాలె

మొన్న ఆదివారం నల్లగొండలో మా అక్క ఇంట్లో చాప మీద ఒక పాచిక దొర్లింది. ఇరవై ముఖాల పాచిక. నేరేడుపండు రంగు, గోటీ కంటే కొంచెం పెద్దది. ఏ అంకె పైకి వచ్చిందో తెలియాలంటే దాని మీదికి వంగి కళ్లు చిట్లించాల్సిందే. ఇంజనీరింగు చదివే మా అల్లుడు, వాడి దోస్తులు ముగ్గురు దాని చుట్టూ బాసిపట్లు వేసుకుని కూర్చున్నారు. అమెరికాలో 1974లో పుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట అది. ఒకడు కథ నడుపుతాడు, మిగిలినవాళ్లు అందులో పాత్రలు. గోడ ఎక్కాలన్నా, రాక్షసుడి మీద కత్తి దూయాలన్నా పాచిక వేయాలి. అంకె చాలితే ఎక్కినట్టు, చాలకపోతే పడ్డట్టు. ఆ రోజు వాళ్లు ఎక్కుతున్నది మన రాచకొండ కోట.

"నీ మంత్రగాడు రెండు చేతులతోటి గోడ పట్టుకున్నడు గద. మరి చెయ్యి తిప్పకుంట మంత్రం ఎట్లేస్తడు?" అని ఒకడు అడ్డం పడ్డాడు. దాని మీద ఇరవై నిమిషాలు పంచాయితీ నడిచింది. అక్క పెట్టిన చాయ్ మీద మీగడ కట్టింది. గోడ మీది మంత్రగాడు పాపం అక్కడే వేలాడుతున్నాడు.

ఫాంటసీ అంటే ఏదైనా జరగొచ్చు కదా, దానికింత లెక్కలెందుకని మా బావ నవ్వాడు. బావ లెక్కల సారే గానీ ఈ లెక్క ఆయనకు తెలియదు. ఏదైనా జరగొచ్చు అన్న కథలో ఏం జరిగినా మనకు పట్టదు. ఇది జరగదు, అది కుదరదు అని కథ ముందే గీత గీసినప్పుడే గుండె కొట్టుకుంటుంది. రాక్షసుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల, చెట్టు తొర్రలోని చిలకలో ఉంది. అందుకే రాకుమారుడు అంత దూరం పోవాలి, అందుకే మనం నిద్ర ఆపుకుని వినాలి. ఆ ప్రాణం ఎక్కడైనా ఉండొచ్చంటే అమ్మమ్మ చెప్పే కథ అన్నం ముద్దల దగ్గరే ముగిసేది.

బేతాళుడి కథనే చూడండి. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. నోరు విప్పితే మౌనం చెడి శవం తిరిగి చెట్టెక్కుతుంది. రెండు షరతులను ఎదురెదురుగా నిలబెట్టి, మధ్యలో ఒక రాజును ఇరికించారు. ఇంతకంటే బిగువైన ఏర్పాటు ప్రపంచంలో ఏ ఫాంటసీ రచయితా చేయలేదని నా పట్టుదల. టోల్కీన్ అభిమానులు కోప్పడినా సరే. ఆ టోల్కీన్ కూడా ఇదే పిచ్చివాడు. తన పాత్రలు ఏ రోజు ఎంత దూరం నడిచాయో, ఆ రాత్రి చంద్రుడు ఎంత ఉండాలో సరిచూసుకుని రాసుకున్నాడు. కథలో పున్నమి తప్పుతుందని దిగులుపడ్డ మనిషి ఆయన.

నా పిచ్చి చందమామతో మొదలైంది. ఆ పత్రిక 1947 జూలైలో పుట్టింది. నా చేతికి వచ్చినవి ఎవరో బైండు చేయించి అటక మీద పడేసిన పాత సంచికలు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం గారు ఏళ్ల తరబడి సీరియళ్లు రాశారు. రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం, భల్లూక మాంత్రికుడు. వాటి మీద ఆయన పేరు ఉండేది కాదు, ఎవరు రాశారో మాకు తెలిసేదీ కాదు. చిత్రా గారి బొమ్మల్లో కొమ్ముల శిరస్త్రాణాలు, వింత మృగాల మీద స్వారీలు, అంచున విరిగిన బురుజులు చూస్తూ ఎండాకాలం సెలవులన్నీ గడిపాను.

మా పాలమూరు నేల కూడా ఆ బొమ్మలకు తగ్గట్టే ఉండేది. ఒక బండ మీద ఇంకో బండ ఎవరో కావాలని పేర్చినట్టు గుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, కింద ఎండిన చెరువు. పాత క్యాలెండరు వెనక ఎర్ర ఇంకుతో పటం గీశాను. ఊరి వెనక గుట్ట యక్షపర్వతం. చెరువులో మొసలి దేవత. రేషన్ దుకాణం శత్రువుల కోట. శత్రు సైన్యం దాడి చేయాలంటే చెరువు నిండి ఉండకూడదని ఒక నియమం కూడా రాసుకున్నాను. కానీ మా చెరువు నిండిన ఏళ్లు తక్కువ కాబట్టి మేం ఎప్పుడూ యుద్ధంలోనే ఉండేవాళ్లం. ఆ బైండు పుస్తకాలు వారంలో ఇస్తానని తీసుకుపోయిన ఒక మిత్రుడు ఇరవై ఏళ్లుగా ఇంకా చదువుతూనే ఉన్నాడు.

మా ఇంట్లో ఇంకో గని ఉండేది. తాత. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్నవాడు. 1994లో దూరదర్శన్‌లో చంద్రకాంత వచ్చినప్పుడు ఆదివారం పొద్దున టీవీ ముందు నులక మంచం వేయించుకుని మాకు అర్థాలు చెప్పేవాడు. ఇదేం చూశార్రా, అసలుది తిలిస్మ్-ఎ-హోష్‌రుబా అనేవాడు. 1880లలో లక్నోలోని నవల్ కిశోర్ ప్రెస్ సంపుటాలుగా అచ్చువేయడం మొదలుపెట్టిన మహా కథ అది. తిలిస్మ్ అంటే మాంత్రికుడు కట్టిన మాయాలోకం. దాన్ని ఎవడు పడితే వాడు పగలగొట్టలేడు. ఎవరి చేతిలో పగలాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. వాడికి లౌహ్ అనే పలక దొరకాలి, ఆ పలక చెప్పినట్టు అడుగు వేయాలి. ఒక్క అడుగు తప్పితే వాడూ ఆ మాయలో చిక్కినట్టే. మా అల్లుడు ఫోన్‌లో ఆడే ఆటల్లో తాళంచెవి వెతికే గదులు చూసినప్పుడల్లా నాకు తాత గుర్తొస్తాడు. అన్నట్టు తిలిస్మ్ అన్న మాట మన తెలంగాణ ఇళ్లలో రోజూ వాడుకలో ఉన్నదే. జలుబు చేస్తే నాలుగు చుక్కలు వేసే సీసా మీద ఏముంటుంది? జిందా తిలిస్మాత్. బతికున్న మాయ! 1920 నుంచి హైదరాబాదులో తయారవుతోంది. దగ్గు మందుకు ఇంత ఫాంటసీ పేరు పెట్టుకున్నవాళ్లం మనం.

సినిమాల సంగతికొస్తే నాకు కొంచెం కోపముంది. 1951 పాతాళభైరవిలో కోరికలు తీర్చే బొమ్మ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది. మంచివాడా చెడ్డవాడా అని అడగదు. అందుకే తోట రాముడి దగ్గర్నుంచి అది నేపాళ మాంత్రికుడి చేతికి పోగానే కథ మొత్తం తలకిందులవుతుంది. మాయాబజార్‌లో సత్యపీఠం మీద ఎక్కినవాడు నిజమే చెప్పాలి. శకుని దాని మీద కాలు పెట్టాడంటే చాలు, మనం ముందే నవ్వడానికి సిద్ధం. 2012లో వచ్చిన ఈగ నాకు ఈ తరం సినిమాల్లో అన్నిటికంటే ఇష్టం. ఎందుకంటే ఆ ఈగ ఈగగానే ఉంటుంది. మనిషిని ఎత్తి విసరలేదు. నిద్ర చెడగొట్టగలదు, చెవిలో గుయ్యిమనగలదు, సూదిని కత్తిలా పట్టగలదు. దాని చేతగానితనం నుంచే కథ పుట్టింది. ఈ మధ్య వస్తున్నవాటిలో కొన్నింట హీరోకు ఏదో ఆయుధం దొరుకుతుంది. అది ఏం చేయగలదో, ఏం చేయలేదో ఆఖరిదాకా ఎవరికీ తెలియదు. తీసినాయనకైనా తెలుసా అని నా అనుమానం. గ్రాఫిక్స్‌కు వందల కోట్లు పెట్టి, ఒక్క షరతుకు ఖర్చుపెట్టడానికి చేతులు రావు. విఠలాచార్య గారి అస్థిపంజరాలు దారాలకు వేలాడినా, శాపానికి విమోచనం ఏమిటో మొదటి రీళ్లలోనే చెప్పేసేవారు ఆయన.

రాచకొండ ఆట మధ్యలో నేను మా అల్లుడికి గౌరన అనే కవి సంగతి చెప్పాను. పదిహేనో శతాబ్దం వాడు, ఆ రాచకొండను ఏలిన రేచర్ల పద్మనాయకుల కొలువుతో సంబంధమున్న కుటుంబం. ద్విపదలో నవనాథచరిత్ర రాశాడు. అందులో ఒక రాకుమారుడికి తెగిన కాళ్లూ చేతులూ మళ్లీ మొలుస్తాయి. ఊరికే మొలవవు, గురువు చెప్పిన యోగం సాధిస్తేనే. "ఎన్ని పాయింట్లు కావాలె మామా దానికి?" అని వాడు వెంటనే పుస్తకం తీశాడు. వాడి భక్తి అలాంటిది.

వీడిని నేను పానగల్లుకు తీసుకుపోయింది ఏడో తరగతిలో. కందూరు చోళుల నాటి ఛాయా సోమేశ్వరాలయం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దు జరిగినా నీడ జరగదు. పంతులుగారు మహిమ అన్నారు. వీడు గంటసేపు ఒక్కో స్తంభం దగ్గరికీ పోయి నిలబడి, తన నీడ లోపల పడుతుందా అని చెయ్యి ఊపాడు. లోపలికి నేరుగా ఎండ రాదు, స్తంభాల సందుల్లోంచి చెదిరిన వెలుగే వస్తుందని తర్వాత ఎక్కడో చదువుకున్నాడు. మహిమ పోయిందా అంటే, "లేదు మామా, కట్టినోడికి ఇంకా పెద్ద దండం పెట్టాలె" అన్నాడు. పాలమూరు పిల్లలమర్రికి 2018లో చెదలు పట్టి, సెలైన్ బాటిళ్లతో చుక్క చుక్కగా మందు ఎక్కించినప్పుడూ పేపర్లో ఫోటో కత్తిరించి దాచుకున్నది వీడే. నడిచే చెట్ల కథ చదివినవాడికి, ఆస్పత్రిలో చేరిన చెట్టు అంటే సంబరం కాదా మరి?

సాయంత్రానికి గోడ మీది మంత్రగాడి పంచాయితీ తెగక, ఆటను మా అమ్మ ముందు పెట్టారు. గుడాల గిన్నె పట్టుకుని ఆమె అప్పుడే వచ్చింది. పాచికను రెండు అరచేతుల మధ్య గవ్వల్లా గలగలలాడించి అడిగింది.

"ఇండ్ల చెమ్మ ఏది? అష్ట ఏది? ముందుగాల చెప్పుండ్రి."

"గట్లేం లేవు అమ్మమ్మా. నీ ఇష్టం."

"నా ఇష్టమంటే నాలుగు పడ్తే చెమ్మ. ఇంకో ఆట నాదే."

నాలుగే పడింది. ఇరవైలో నాలుగంటే మంత్రగాడు పడిపోయినట్టే లెక్క. అమ్మ మాత్రం గిన్నె కింద పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని చాప మీద కూలబడి మళ్లీ చేయి చాపింది. మా అల్లుడు నా వైపు చూశాడు. నేను బావ వైపు చూశాను. బావ కండ్లద్దాలు తీసి తుడుచుకుంటూ, "నీ ఇష్టమన్నవు గద బిడ్డా, ఇగ ఇయ్యాల్సిందే" అన్నాడు.