మిల్లు ఇక్కడ, ఓటు అక్కడ

2015 డిసెంబరు 23న బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం దక్కన్ షుగర్స్ లే ఆఫ్ ప్రకటించింది. మెట్‌పల్లి దగ్గర ముత్యంపేట, మెదక్ దగ్గర మంబోజిపల్లి యూనిట్లూ ఆగిపోయాయి. ఆ కంపెనీలో 51 శాతం వాటా గోకరాజు గంగరాజు కుటుంబానికి చెందిన డెల్టా పేపర్ మిల్స్‌ది. ఆ రోజుకు ఆయన లోక్‌సభ సభ్యుడు. 2014లో బీజేపీ తరఫున గెలిచింది మాత్రం పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురం నుంచి. బోధన్ చెరకు రైతుకు ఆయన మీద ఎంత కోపమొచ్చినా, దాన్ని ఓటుగా మార్చుకునే దారి లేదు.

ఇది ఒక్క ఫ్యాక్టరీ కథ కాదు. కామారెడ్డి వైపు చెరకు ఆడించే గాయత్రి షుగర్స్ టి.సుబ్బరామిరెడ్డి కుటుంబ సంస్థ. ఆయన రెండుసార్లు విశాఖపట్నం ఎంపీ, తర్వాత ఏళ్ల తరబడి రాజ్యసభ సభ్యుడు. ఉమ్మడి నిజామాబాద్ జిల్లా చెరకు కొన్న రెండు ప్రైవేటు కుటుంబాల పెద్దలూ పార్లమెంటులో కూర్చున్నారు, ఇద్దరినీ పంపింది కోస్తా. వ్యాపారులు రాజకీయాల్లోకి రావడం తప్పనడం లేదు. లెక్క చెప్పవలసిన చోటు ఒకటి, ఓటు అడిగే చోటు ఇంకొకటి కావడం గురించే నా బాధ.

చక్కెర మామూలు సరుకైతే ఇది పెద్ద విషయం కాదు. కానీ చెరకు కనీస ధర కేంద్రం నిర్ణయిస్తుంది. ఏ మిల్లు నెలకు ఎంత చక్కెర అమ్ముకోవాలో, ఎగుమతి ఉండాలో వద్దో కేంద్రమే చెబుతుంది. ఏ ఊరి చెరకు ఏ మిల్లుకు పోవాలో ప్రభుత్వ కేటాయింపే. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ. ఇంత చట్టం చుట్టుకున్న వ్యాపారంలో యజమాని చట్టసభలో ఉన్నాడంటే దాని బరువు వేరు. రైతు చేతిలో ఉన్నది నరికిన చెరకు. అది గంటల్లో కాటా మీదికి ఎక్కకపోతే బరువూ చక్కెర శాతమూ తగ్గిపోతాయి. బేరానికి అతనికి దొరికే సమయం అంతే.

శక్కర్‌నగర్ మొదట్లో ఎవరి కుటుంబ ఆస్తీ కాదు. నిజాంసాగర్ నీళ్లు పారాక, 1930ల చివర్లో నిజాం ప్రభుత్వం నిలబెట్టిన ఫ్యాక్టరీ ఇది. ఆసియాలోనే పెద్దదని ఒకనాడు పేరు. 2002లో చంద్రబాబు ప్రభుత్వం వాటా అమ్మి 49 శాతం తన దగ్గర ఉంచుకుంది. తర్వాత శాసనసభ సంఘం ఆ ఒప్పందాన్ని రద్దు చేయాలని సిఫార్సు చేసినా అమలు కాలేదు. నష్టాలు, చెరకు కొరత అని యాజమాన్యం వాదన. చెరకు సాగు తగ్గిన మాట నిజమే. కానీ డబ్బు ఎప్పుడొస్తుందో తెలియని పంటను వదిలి రైతు వరికి పోతే తప్పు రైతుదా? 49 శాతం వాటాదారైన ప్రభుత్వం కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి.

పక్కనున్న మహారాష్ట్రను చూడండి. 1950లో ప్రవరానగర్‌లో సహకార చక్కెర ఫ్యాక్టరీ మొదలైంది. దాని నిర్మాత విఠల్‌రావ్ విఖే పాటిల్ మనవడు రాధాకృష్ణ ఆ ఫ్యాక్టరీ ఉన్న శిర్డీ నుంచే ఎమ్మెల్యే. అక్కడా వారసత్వమే, అక్కడా ఆరోపణలున్నాయి. అయినా చెరకు రేటు చెడితే ఆ ఇంటికి దెబ్బ తగిలేది సొంత ఊళ్లోనే. సహకారం అనే పేరొక్కటే చాలదని మన నిజామాబాద్ సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ మూతపడి చెప్పింది కూడా.

ఓటు పనిచేసిన చోటు పసుపు. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 178 మంది రైతులు పోటీకి దిగారు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పసుపు బోర్డు, ఎర్రజొన్నకు మద్దతు ధర అడిగారు. సిట్టింగ్ ఎంపీ కవిత ఓడిపోయారు. 2023 అక్టోబరులో జాతీయ పసుపు బోర్డు నోటిఫికేషన్ వచ్చింది, 2025 జనవరిలో అది నిజామాబాద్‌లోనే మొదలైంది. ఎన్నేళ్లు పట్టినా అడిగిన గొంతు వినక తప్పలేదు, ఎందుకంటే హామీ ఇచ్చినవాళ్లు మళ్లీ ఇక్కడికే ఓటు కోసం రావాలి. చెరకుకు ఆ బలం దక్కలేదు.

అభ్యర్థి అఫిడవిట్‌లో ఇళ్లు, షేర్లు, బ్యాంకు అప్పులు, ప్రభుత్వ బకాయిలు రాయాలి. తన కుటుంబ కంపెనీ రైతులకు ఎంత బాకీ ఉందో రాయాల్సిన గడి అందులో లేదు. ఆ గడి చేర్చాలి, పోటీ చేసేది నరసాపురంలోనైనా, బోధన్‌లోనైనా. 2024లో తెలంగాణ మంత్రి శ్రీధర్‌బాబు నేతృత్వంలో ఏర్పడిన కమిటీ శక్కర్‌నగర్‌ను మళ్లీ తెరిచే దారి వెతికే పనిలో పడింది. పెట్టుబడి ఎవరిదైనా కానీ, ఈసారి ఒప్పందం మీద సంతకం పడకముందే బోర్డులో చెరకు రైతులకు ఓటు హక్కున్న కుర్చీలు ఎన్నో తేల్చాలి.