బస్సుకు ఏ విభక్తి?

‘డు, ము, వు, లు’ అని గడగడా అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మనమంతా. మదనపల్లె బస్టాండులో ‘పుంగనూరుకు బస్సుండాదా?’ అని అడిగేటప్పుడు ఆ ‘కు’ ఏ విభక్తో ఎవరమైనా ఆలోచించామా? పట్టిక ప్రకారం అది షష్ఠి. ‘తోటలో’ అన్నప్పటి ‘లో’ కూడా షష్ఠే! పోయే చోటూ, ఉండే చోటూ, ‘యొక్క’తో పాటు ఒకే గదిలో. సంస్కృతం కొలతలతో కుట్టిన చొక్కా తెలుగుకు తొడిగితే ఇట్లాగే ఉంటుంది.

బస్సు మాటనే చూడండి. లాటిన్‌లో ‘ఓమ్నిబుస్’ అంటే ‘అందరికీ’. 1820లలో ఫ్రాన్సులో అందరూ ఎక్కే బండికి ఆ పేరు వచ్చింది. తర్వాత తల పోయి తోక మిగిలింది. ఆ తోక చతుర్థీ బహువచన ప్రత్యయపు ముక్క! దానికి మనం మళ్ళీ ‘కు’ తగిలించి ‘బస్సుకు’ అంటున్నాం. కుప్పం స్టేషన్లో ఆగే రైలు కోచ్ కథ ఇంకొకటి. హంగరీలో కోచ్ అనే పల్లె గుర్రపుబండ్లకు పేరుమోసింది. ‘కోచి’ అంటే ఆ ఊరిది అని. ఆవును చూపించి మనం ‘పుంగనూరు’ అన్నట్లే.

హంగేరియన్ మనకు చుట్టం కాదు, కానీ నడక మనదే. కెర్త్ అంటే తోట, కెర్త్‌బెన్, తోటలో, కెర్తెక్‌బెన్, తోటలలో. బహువచనం ఒక పూస, విభక్తి ఇంకో పూస. లాటిన్‌లో ‘హోర్తో’, ‘హోర్తీస్’ అంటారు. అక్కడ వచనమూ విభక్తీ కరిగి ఒకటైపోతాయి. సంస్కృతానిదీ ఆ దారే.

మన అసలు చుట్టాలు పొలిమేర అవతలే ఉన్నారు. మనం ‘ఊరికి’ అంటే తమిళులు ‘ఊరుక్కు’, కన్నడిగులు ‘ఊరిగె’ అంటారు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని ఎల్లిస్ దొర 1816లోనే మద్రాసులో నిరూపించాడు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలసింది కూడా మన కుప్పంలోనే. అయినా ఈ సరిహద్దు పిల్లవాడు నోరు తెరిస్తే ‘నీది తెలుగా, అరవమా?’ అని నవ్వేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ నవ్వుకు జడిసి ఎంతమంది క్లాసులో నోరు మూసుకున్నారో!

పట్టికను తగలబెట్టమని కాదు. పాత కావ్యాలు చదవడానికి అది కావాలి. కానీ వ్యాకరణ పాఠం మొదలు కావలసింది బస్టాండులో, సంతలో, మూడు భాషలు కలిసే మన నోళ్ళలో. అయ్యవార్లారా, ఆ పిల్లవాడి ‘కు’ను దిద్దేముందు ఒక్కసారి చెవి పెట్టి వినండి. అందులో తప్పు లేదు, మూడు భాషల చరిత్ర ఉంది.