తుమ్మలపల్లెలో డీకేటీ ఎకరానికి ధర కట్టేదెలా?

తుమ్మలపల్లె అనగానే యురేనియం గని, టెయిలింగ్ పాండ్, బోర్లలో నీళ్లు గుర్తొస్తాయి. 2007లో శంకుస్థాపన జరిగినప్పటి నుంచి చర్చంతా వాటి చుట్టూనే. భూమి ధర గురించి మాట్లాడింది తక్కువ. చీనీ, అరటి తోటలున్న ఈ వేముల మండలంలో ఎకరం విలువను మట్టీ నీళ్లే తేల్చవు. రెవెన్యూ రికార్డులో సర్వే నంబరు ఎదురుగా ఉన్న మాట తేలుస్తుంది. పట్టా అని ఉంటే ఒక లెక్క, డీకేటీ అని ఉంటే ఇంకో లెక్క.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో భూమి పన్నుకు సాగు విలువ కట్టాలంటే ఆ నేల మీద ఏం చేస్తున్నారో చూస్తారు. పంటకే కాదు, వన్యప్రాణుల సంరక్షణకు వాడినా అదే విలువ వర్తించేలా 1995లో ఓటర్లు ఆమోదించారు. మన దగ్గర నలభై ఏళ్లు దున్నిన దళిత రైతుకు కూడా మొదటి ప్రశ్న, 'నీది ఏ రకం భూమి?'

1977 నాటి అసైన్డ్ భూముల చట్టం అమ్మకాన్ని నిషేధించింది. ఉద్దేశం మంచిదే. అప్పుకో బెదిరింపుకో పేదలు భూమి పోగొట్టుకోకూడదని. కానీ అమ్మకం లేని చోట అమ్మకపు ధర పుట్టదు. 2013 భూసేకరణ చట్టం 26వ సెక్షన్ ప్రకారం మార్కెట్ విలువకు చూసేవాటిలో ఒకటి, చుట్టుపక్కల అలాంటి భూములకు గత మూడేళ్లలో జరిగిన రిజిస్ట్రేషన్లు. 22-ఏ నిషేధిత జాబితాలోని భూమికి ఆ దస్తావేజు ఎక్కడి నుంచి వస్తుంది?

పక్క పట్టా భూమి ధరే కట్టాలి. ఇది దయ కాదు, హక్కు. అసైనీలకు పట్టాదారులతో సమానంగా పూర్తి మార్కెట్ విలువ చెల్లించాలని చేవెళ్ల భూసేకరణ కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తేల్చింది. ప్రభుత్వం అడిగితే నష్టపరిహారం లేకుండా వదులుకోవాలన్న పట్టా షరతు ఇందుకు అడ్డు కాదంది. 2013 చట్టం అసైన్డ్ భూమి పొందిన కుటుంబాన్నే కాదు, మూడేళ్లుగా ఆ భూమిపై ఆధారపడ్డ కూలీలనూ కౌలుదార్లనూ బాధిత కుటుంబాలుగా గుర్తించింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అణు ఇంధన చట్టం కింద జరిగే సేకరణను నాలుగో షెడ్యూల్ ద్వారా ఆ చట్టం నుంచి మినహాయించారు. పరిహార నిబంధనలు వాటికీ వర్తించింది 2015 జనవరి 1 నుంచి మాత్రమే. గని మొదలైన నాటికి అమల్లో ఉన్నది 1894 చట్టం.

సేకరించని భూమి సంగతి ఇంకా ఇబ్బంది. పాండ్ నీరు భూగర్భంలోకి దిగుతోందని గ్రామస్తులు అంటున్నారు, సంస్థ కాదంటోంది. ఎవరిది నిజమైనా కొనేవాడు వెనకాడతాడు. పక్కనున్న పట్టా భూముల ధర పడిపోతే రేపటి పరిహారానికి ఆ పడిపోయిన ధరే కొలమానం అవుతుంది. డీకేటీ రైతుకు దెబ్బ రెండుసార్లు.

2023 సవరణ ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు అమ్మకపు హక్కు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపేశారు. కష్టంలో ఉన్న రైతు చేతికి ఆ హక్కు ఇస్తే లాభపడేది ఎవరో వేరే చర్చ.

ఊళ్లలో తిరిగే విద్యార్థులు ఇప్పుడే చేయగలిగిన పని ఒకటుంది. అసైన్‌మెంట్ పత్రం, అడంగల్ నకలు, చెట్ల లెక్క, బోరు లోతు, నీటి పరీక్ష ఫలితం, ఇవన్నీ తేదీలతో ఒక ఫైలులో చేర్చి ఆ కుటుంబం దగ్గరే ఉంచండి. విచారణకు వచ్చే అధికారి ముందు అడిగేది ఆ కాగితాలే.