నిద్రపట్టని పిల్లలూ, వేలికి తగిలించే మిషనూ

పిల్లలకి నిద్రపట్టట్లేదంటే మన పల్నాట్లో ముందు దిష్టి తీస్తారు. అప్పటికీ తగ్గకపోతే "ఆ ఫోన్ చూసి చూసి ఇలా తయారయ్యావ్" అని తిడతారు. బయోఫీడ్‌బ్యాక్ అని ఇంకో దారి కూడా ఉంది.

వేలికో ఛాతీకో సెన్సార్ తగిలిస్తే గుండె వేగమో, వేలి వేడో, కండరాల బిగువో తెర మీద గీతలా కనిపిస్తుంది. పిల్లాడు ఊపిరి నెమ్మదిగా వదిలితే గుండె నెమ్మదిస్తుంది, గీత దిగుతుంది. "ప్రశాంతంగా పడుకోరా" అని వందసార్లు చెప్పినా ఎక్కనిది, అది చూస్తే ఎక్కుతుంది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, లాగ్ చూపించి బగ్ వెతకమనడం లాంటిదన్నమాట.

మరి మిషన్ కొనాలా? నా మటుకు నాకు అక్కర్లేదనిపిస్తుంది. అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ వాళ్ళు 2021లో పెద్దవాళ్ళ నిద్రలేమికి ఇచ్చిన సూచనల్లో రిలాక్సేషన్ వాడొచ్చన్నారు, బయోఫీడ్‌బ్యాక్‌కి మాత్రం ఆధారాలు చాలవని ఊరుకున్నారు. పైపెచ్చు, ఒళ్ళు వదులైతే వేళ్ళు వెచ్చబడతాయన్నదే వేలి వేడి చూసే మిషన్ సూత్రం. మే నెలలో రెంటచింతలలో అందరి వేళ్ళూ వెచ్చగానే ఉంటాయి, ఇంక అది కొలిచేదేముంది!

ఎడ్మండ్ జేకబ్‌సన్ 1929లోనే పుస్తకం రాసిన పద్ధతికి పైసా ఖర్చు లేదు. పాదాల నుంచి మొదలుపెట్టి ఒక్కో కండరాన్నీ కాసేపు బిగించి వదిలెయ్యడమే. ఆనక పొట్ట మీద చెయ్యి వేసుకుని, అది లేచి దిగడం గమనించాలి. ఆ చెయ్యే సెన్సార్.

కానీ అసలు గొడవ వేరే ఉంది. అదే అకాడమీ 2016లో చెప్పిన లెక్క ప్రకారం ఆరు నుంచి పన్నెండేళ్ళ పిల్లలకి 9-12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి 8-10 గంటల నిద్ర కావాలి. నరసరావుపేట కానివ్వండి, మాచర్ల కానివ్వండి, స్టడీ అవర్లని పదకొండు దాకా కూర్చోబెట్టి అయిదింటికే లేపితే దక్కేది ఆరు గంటలు. అది నిద్రపట్టని జబ్బు కాదు, నిద్రపోనివ్వని టైంటేబుల్. ఆ పిల్లాడికి రిలాక్సేషన్ నేర్పడమంటే, అన్నం పెట్టకుండా ఆకలి మర్చిపోయే మంత్రం చెప్పడమే.

గట్టిగా గురకపెట్టే పిల్లల్నీ, నిద్రలో ఊపిరి ఆగి ఆగి పీల్చే పిల్లల్నీ డాక్టరుకి చూపించండి. పరీక్షల భయంతో కళ్ళు తెరుచుకుని పడుకునేవాళ్ళకి పొట్ట మీద చెయ్యి నేర్పండి. హాస్టల్లో చేర్చేటప్పుడు మాత్రం ర్యాంకులెన్ని వచ్చాయని అడిగే నోటితోనే, రాత్రి లైట్లు ఎన్నింటికి ఆర్పుతారో కూడా అడగండి.