శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా

స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరం. ముప్ఫయ్యేళ్లకు చేరువైన ఒక యువతి తొమ్మిదేళ్లుగా ఒకే కార్యాలయంలో లెక్కలు చూస్తున్నది. శుక్రవారం సాయంత్రం తలుపు వేసుకున్నదంటే మళ్లీ సోమవారం ఉదయం వరకు ఆమె నోట మాట వినేవారుండరు. ఆ రెండు రోజులూ మద్యం మత్తులోనే గడిచిపోతాయి. బుధవారం మాత్రం తల్లితో ఫోను. ఆ తల్లి మాటల నిండా ఎత్తిపొడుపులే! అయినా ఎవరడిగినా తాను పూర్తిగా బాగున్నాననే అంటుంది.

గెయిల్ హనీమన్ రాసిన ‘ఎలినార్ ఆలిఫెంట్ ఈజ్ కంప్లీట్లీ ఫైన్’ నవల 2017లో వెలువడింది. ఆ సంవత్సరపు తొలి నవలల విభాగంలో కోస్టా పురస్కారం అందుకుంది. వారాంతమంతా ఎవరితోనూ మాట్లాడని ఒక యువతిని గురించి పత్రికలో చదివిన కథనమే రచయిత్రికి ప్రేరణ. ఒంటరితనమనగానే మనకు వృద్ధులే తలపుకు వస్తారు; ఈమె మన పక్క బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి.

ఎలినార్ ముఖాన బాల్యంలో ఇల్లు తగలబడిన నాటి మచ్చ ఉన్నది. పుస్తకంలో అచ్చయినట్లు మాట్లాడుతుంది, లోకం పోకడ తెలియదు. తోటి ఉద్యోగులు చాటుగా నవ్వుకుంటారు. నిజం చెప్పాలంటే మొదటి వంద పుటల్లో నేనూ వారితో కలిసి నవ్వాను. తర్వాత ఆమె గతం కొద్దికొద్దిగా బయటపడుతుంటే, ఆ నవ్వులే నన్ను సిగ్గుపడేలా చేశాయి.

ఆమె జీవితం మలుపు తిరిగేది ఘనకార్యంతో కాదు. వీధిలో కుప్పకూలిన ఒక ముసలాయనను ఆమె, కార్యాలయంలో కంప్యూటర్లు బాగుచేసే రేమండ్ కలిసి ఆదుకుంటారు. ఆపై ఆసుపత్రిలో పరామర్శ, రేమండ్ తల్లి ఇంట టీ. అంతే. ఒక గాయకునిపై ఆమె పెంచుకున్న వ్యామోహం గురించిన భాగం మాత్రం సాగదీసినట్లు తోచింది. ఆమె పూర్తిగా కుంగిపోయిన రోజున రేమండ్ తలుపు తడతాడు. ఉపదేశాలివ్వడు, ఇల్లు శుభ్రం చేస్తాడు. మానసిక చికిత్సకురాలి ఎదుట కూర్చుని, తాను మరచిన నాటి రాత్రిని ఆమె మెల్లమెల్లగా తలచుకోవడమే నవలకు ప్రాణం. బుధవారపు ఫోన్ల రహస్యం నేను విప్పను. కథను పెళ్లితో ముగించకపోవడం మాత్రం రచయిత్రి వివేకం.

పుస్తకం మూశాక మా వీధి ఆపా ఒకరు గుర్తుకొచ్చారు. ఆమె చెంపన కూడా కాలిన మచ్చ ఉండేది. పిల్లలందరం ఆమెకొక మారుపేరు పెట్టి, ఆమె గుమ్మం ముందు నుంచి పరుగెత్తేవాళ్లం. మొన్న అమ్మీని అడిగాను ఆమె అసలు పేరేమిటని. అమ్మీ చాలాసేపు ఆలోచించింది. ఆమెకూ ఆ మారుపేరే గుర్తున్నది.