ఫీజు ఇచ్చే పక్షం

ఖమ్మం జిల్లా కోర్టులో నల్లకోటుకు పనికి కొదవలేదు: చెక్ బౌన్సులు, భాగపంపకాలు, యాక్సిడెంటు క్లెయిములు. కాకపోతే సీనియర్ వెనక ఫైళ్లు మోసే కుర్రాడికి చాలాచోట్ల దక్కేది పెట్రోలు ఖర్చే. భద్రాచలం లెక్క వేరు. అక్కడ గిరిజన భూముల రక్షణకు తెచ్చిన 1/70 చట్టం కింద భూమి తగాదాలు నడిచేది స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ ముందు. ఏజెన్సీ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది ఆ గిరిజనేతరుడే. దాంతో పాత పహాణీలు, సాదాబైనామాలు వెతికి అతికించే వకీళ్లకు గిరాకీ. ఫీజు ఇచ్చేదీ అతనే మరి! అందుకే కోయ రైతు తరఫున, కోయ భాషలోనే సాక్షిని అడగగలిగే గిరిజన లాయర్లను గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నెలజీతం మీద పెట్టుకోవాలి. ఉచిత న్యాయసహాయం ఉందిగా అంటారు. ఒక్క వాయిదాకు వెళ్లి చూసి ఆ మాట అనండి.